ఉత్తరాల దారికి కరణం: జాన్ పోస్టెల్

(తృతీయ సంవత్సరం బి.యస్సీ., గణితం - భౌతికం - కంప్యూటర్ సైన్సు)

సైన్సు విద్యార్థి ఎవరైనా వార్షిక సంచికకు ఒక జీవిత చరిత్ర రాయాలంటే సి.వి. రామన్ గురించో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించో రాయడం పరిపాటి. వారి గొప్పతనం గురించి రెండో మాట లేదు. అయితే ఈసారి నేను ఎన్నుకున్న మనిషి మందు కనిపెట్టలేదు, ఏ సిద్ధాంతానికీ తన పేరు పెట్టుకోలేదు. ఆయన జీవితమంతా చేసిన పని ముఖ్యంగా లెక్కలు రాసి ఉంచడం, పదిమంది రాసిన కాగితాలు సరిదిద్దడం, అడిగినవాడికి ఒక నెంబరు ఇవ్వడం. మా ఊరి పెద్దల భాషలో చెప్పాలంటే కరణీకం! అయినా ఈ సంచిక చదివే మీలో ఎవరైనా ఇవాళ ఒక్క ఈ-మెయిలు పంపి ఉంటే, ఆ ఉత్తరం ఆయన వేసిన గట్టు మీదుగానే వెళ్ళింది. ఆయన పేరు జొనాథన్ బ్రూస్ పోస్టెల్. కంప్యూటరు లోకం పిలుచుకునే పేరు జాన్ పోస్టెల్.

పోస్టెల్ 1943 ఆగస్టు 6వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆల్టడీనా అనే ఊళ్ళో పుట్టాడు. వాన్ నైస్ హైస్కూల్లో చదివాడు. ఇంటర్నెట్ చరిత్రలో పెద్ద పేర్లయిన వింటన్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ స్కూలు విద్యార్థులే. ఒక్క హైస్కూలు నుంచి వచ్చిన ముగ్గురూ తరువాత ఒకే ప్రయోగశాలలో కలుసుకోవడం విశేషం. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పోస్టెల్ 1966లో ఇంజనీరింగు పట్టా, 1968లో మాస్టర్స్, 1974లో కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు పొందాడు.

ఆయన విద్యార్థిగా ఉన్న కాలంలోనే ఆ విశ్వవిద్యాలయంలో ఒక చరిత్ర మొదలయింది. దూరంగా ఉన్న కంప్యూటర్లను తీగల ద్వారా కలపాలని అమెరికా రక్షణశాఖ పరిశోధన విభాగం తలపెట్టింది. దాని పేరు ఆర్పానెట్. మొదటి కేంద్రం ప్రొఫెసర్ లియొనార్డ్ క్లైన్‌రాక్ ప్రయోగశాలలో పెట్టారు. 1969 అక్టోబరు 29 రాత్రి అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశం వెళ్ళింది. లాగిన్ అనే మాట పంపబోతే, ఎల్, ఓ అనే రెండక్షరాలు వెళ్ళగానే అవతలి కంప్యూటరు కూలబడింది. ఈనాడు మనం చేతిలో పట్టుకు తిరుగుతున్న ఇంటర్నెట్టుకు అక్షరాభ్యాసం అలా జరిగింది. ఆ ప్రయోగశాలలో పనిచేసిన కుర్రవాళ్ళలో పోస్టెల్ ఒకడు.

ఆ కుర్రవాళ్ళకు పైనుంచి ఆజ్ఞాపించే అధికారి లేడు. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఏ మర్యాదతో మాట్లాడాలో వాళ్ళే కూర్చుని తేల్చుకోవలసి వచ్చింది. 1969 ఏప్రిల్‌లో స్టీవ్ క్రాకర్ తన ఆలోచనలను ఒక కాగితం మీద పెట్టి, దాన్ని శాసనం అనకుండా, అభిప్రాయాలు చెప్పండనే విన్నపంగా పంచాడు. దానికి 1 అని నెంబరు వేశారు. ఆర్.ఎఫ్.సి. అనే మూడక్షరాలతో ప్రసిద్ధమైన ఆ కాగితాల వరుస నేటికి తొమ్మిది వేలు దాటింది. ఆ వరుసకు సంపాదకత్వం తొలిరోజుల్లోనే పోస్టెల్ చేతికి వచ్చింది. చనిపోయేదాకా ఆ పని వదలలేదు. ఎవరు రాసినా చదవడం, అస్పష్టంగా ఉన్నచోట తిరిగి రాయించడం, నెంబరు వేసి అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టడం, ఇదీ ఆయన వ్యవసాయం.

దాంతోపాటు ఇంకో పని తలకెత్తుకున్నాడు. కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ఏ పనికి ఏ నెంబరు అన్నది అందరికీ ఒకటే కావాలి. ఉత్తరాలు 25వ ద్వారం దగ్గర అందుకోవాలని అనుకున్నప్పుడు ఒకడు 25 అని, మరొకడు 52 అని అనుకుంటే ఉత్తరం చేరదు. 1972 మే నెలలో రాసిన ఒక కాగితంలో, ఇలాంటి నెంబర్లు పంచిపెట్టడానికి ఒక జారు చక్రవర్తి ఉంటే మంచిదనీ, ఆ చక్రవర్తి తానే కావచ్చునేమోననీ పోస్టెల్ సగం హాస్యంగా ప్రతిపాదించాడు. ఎవరూ కాదనలేదు. కాలక్రమాన ఆ చిట్టాకు ఐ.ఎ.ఎన్.ఎ., అంటే ఇంటర్నెట్ నెంబర్ల కేటాయింపు కార్యాలయం అనే గంభీరమైన పేరు వచ్చింది. చాలా ఏళ్ళపాటు ఆ కార్యాలయమంటే పోస్టెల్, ఆయన సహచరి జాయిస్ రెనాల్డ్స్, మరి కొద్దిమంది అంతే.

నెంబర్లు రాసుకునేవాడి జీవితంలో గొప్పేముందని కొందరు మిత్రులు నన్ను అడిగారు. వాళ్ళకు పొలాలు లేవు కాబట్టి అడిగారు. మాది దివిసీమ. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే కాలువకు చివరాఖరి భూములు. మూడేళ్ళ కిందట మా రెండెకరాల రికార్డులో ఒక సబ్‌డివిజను అంకె తారుమారయింది. 3 ఉండవలసిన చోట 2 పడింది. ఆ ఒక్క అంకె సరిచేయించడానికి మా నాన్న ఒక కార్యాలయం చుట్టూ పదకొండు నెలలు తిరిగాడు. ఆ ఏడు పంట రుణం రాలేదు. బయట వడ్డీకి తెచ్చి నాట్లు వేశాం. నెంబరు తప్పితే భూమి ఉండీ లేనట్టే అని అప్పుడు నాకు తెలిసింది.

మా తాతయ్య కరణాల కాలం చూసినవాడు. అడంగలు, డైగ్లాటు చేతిలో ఉన్న కరణం తలచుకుంటే ఊరు నిలబడేదనీ, వాడే చెడితే ఊరు కోర్టుల పాలయ్యేదనీ చెబుతాడు. 1984లో మన రాష్ట్రంలో కరణాలు, మునసబుల పదవులు రద్దయినప్పుడు ఊళ్ళో సంతోషించినవాళ్ళూ ఉన్నారట, బాధపడినవాళ్ళూ ఉన్నారట. పుస్తకం ఒకడి చేతిలో ఉన్నప్పుడు అది వరమా, ప్రమాదమా అన్నది ఆ మనిషిని బట్టి ఉంటుంది. పోస్టెల్ సుమారు మూడు దశాబ్దాలు యావత్ ప్రపంచానికి కరణీకం చేశాడు. నెంబర్లు అమ్ముకున్నాడనిగాని, తనవారికి ఎక్కువ రాసుకున్నాడనిగాని ఆయన మీద మచ్చ లేదు.

ఇక ఉత్తరాల సంగతి. ఒక కంప్యూటరు వాడేవాళ్ళు తమలో తాము చీటీలు రాసుకోవడం పాత సంగతే. 1971లో వచ్చిన మొదటి యూనిక్స్‌లోనే మెయిల్ అనే ఆజ్ఞ ఉంది. అదే 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు ఉత్తరం పంపి, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ఎట్ గుర్తు పెట్టాడు. తరువాత పదేళ్ళపాటు ఉత్తరాలు ఫైళ్ళు మోసే పద్ధతికి తోకలాగా వేలాడుతూ ప్రయాణించాయి. బియ్యం లారీ మీద ఉత్తరాల సంచీ వేసి పంపినట్టు! ఉత్తరాలకు సొంత దారి ఉండాలని పోస్టెల్ తలచాడు. 1980లోను, 1981లోను సుజాన్ స్లూయిజర్‌తో కలిసి మొదటి చిత్తులు రాశాడు. చివరకు 1982 ఆగస్టులో 821 నెంబరు కాగితంగా తన ఒక్కడి పేరు మీద వెలువరించాడు. దాని పేరు సింపుల్ మెయిల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. ఉత్తరాలు చేరవేసే సరళమైన మర్యాద అన్నమాట. పేరులో సరళం అన్నాడు, అలాగే చేశాడు.

ఎంత సరళమో నేను పుస్తకంలో చదివి నమ్మలేదు, చేతులతో చేసి నమ్మాను. మా డిపార్టుమెంటులో పక్కన పడేసిన రెండు పాత కంప్యూటర్లను మా లెక్చరర్ గారు మాకు వదిలేశారు. నేనూ, ఇద్దరు మిత్రులూ వాటిలో డెబియన్ లినక్స్ ఎక్కించాం. అది యూనిక్స్ బాణీలో నడిచే ఉచిత వ్యవస్థ. అందులో పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాము పెడితే అదే మన తపాలా ఆఫీసు. పెట్టేటప్పుడు ఎంతవరకు పనిచేయాలని అది అడుగుతుంది. లోకల్ ఓన్లీ అని ఎన్నుకుంటే ఆ యంత్రంలోని వారి మధ్య మాత్రమే ఉత్తరాలు తిరుగుతాయి. నేర్చుకునేవాడికి అదే క్షేమం. తరువాత నల్లతెర మీద మెయిల్ అని టైపు చేసి, పక్కన మిత్రుడి పేరు, కింద విషయం, ఆ కింద ఉత్తరం రాసి పంపడమే. బొమ్మలు లేవు, మీటలు లేవు, ప్రకటనలు అసలే లేవు. వాడికి వచ్చిన ఉత్తరాలన్నీ వార్ అనే అరలోని మెయిల్ అనే అరలో, వాడి పేరుగల ఒకే ఫైలులో ఒకదాని కింద ఒకటి చేరతాయి.

ఇంకా లోపలికి పోవాలనుకున్నవాడు ఆ తపాలా ఆఫీసు 25వ ద్వారం దగ్గరకు టెల్‌నెట్ ద్వారా వెళ్ళి స్వయంగా మాట్లాడవచ్చు. ద్వారం తెరవగానే అది 220 అని పలకరిస్తుంది. మనం హెలో అనాలి. ఇంగ్లీషు హలోలో ఒక ఎల్ తీసేసి, నాలుగక్షరాలకు కుదించాడు పోస్టెల్. అది 250 అంటుంది, అంటే సరే అని. మెయిల్ ఫ్రమ్ అని పంపేవారి పేరు చెబితే మళ్ళీ 250. ఆర్.సి.పి.టి. టు అని చేరవలసినవారి పేరు చెప్పాలి. ఆ మనిషి ఉంటే 250, లేకపోతే 550. తరువాత డేటా అంటే అది 354 అంటుంది, చెప్పు రాసుకుంటానని. ఉత్తరమంతా రాసి చివర ఒక వరుసలో ఒకే ఒక్క చుక్క పెట్టాలి. ఉత్తరం అయిపోయిందనడానికి అదే గుర్తు. మళ్ళీ 250 వస్తుంది. క్విట్ అంటే 221 అని సెలవు తీసుకుంటుంది. జవాబుల్లో మొదటి అంకె చూస్తే చాలు. 2 అంటే అయింది, 3 అంటే ఇంకా చెప్పు, 4 అంటే ఇప్పుడు కాదు మళ్ళీ రా, 5 అంటే కుదరదు. ఇంతే వ్యాకరణం! నలభై ఏళ్ళు దాటింది. 2001లోను, 2008లోను ఆ కాగితాన్ని కొత్తగా తిరగరాశారు. అయినా ఈ సంభాషణ మాత్రం అదే.

ఈ సంభాషణలో నాకు మిక్కిలి నచ్చినది చివరి 250. చుక్క పెట్టిన తరువాత అవతలి యంత్రం 250 అన్నదంటే, ఆ క్షణం నుంచి ఉత్తరం బాధ్యత దానిది. చేర్చాలి, చేర్చలేకపోతే చేరలేదని పంపినవాడికి కబురు చేయాలి. మధ్యలో పోయిందని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. మా వైపు ధాన్యం కాటా వేసి చీటీ ఇచ్చాక బస్తాకు పూచీ మిల్లువాడిదే. చీటీ ఇవ్వనంతవరకు రైతుదే. పోస్టెల్ పెట్టిన నియమం సరిగ్గా అదే. ముందు యంత్రం పడుకొని ఉంటే ఉత్తరాన్ని వరుసలో ఉంచుకొని, కాసేపాగి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. పైగా, దారిలో ప్రతి యంత్రమూ ఎవరి దగ్గర ఎప్పుడు అందుకున్నదీ రిసీవ్డ్ అనే వరుస రాసి ముద్ర వేయాలి. కవరు మీద ఊరూరి పోస్టాఫీసు ముద్రలన్నమాట. ఆ ముద్రలు కిందినుంచి పైకి చదువుకోవాలి.

బయటి లోకానికి ఉత్తరం పంపాలంటే నేడు ఇంకొంచెం పని ఉంది. ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు చాలావరకు 25వ ద్వారం మూసేస్తాయి. కాబట్టి 587వ ద్వారం గుండా, రహస్య లిపిలో, మన ఖాతా పేరుతో వెళ్ళాలి. ఎమ్మెస్ఎంటిపి అనే చిన్న ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. దాని అమరికల ఫైలులో యంత్రం పేరు, ద్వారం నెంబరు, ఖాతా పేరు నాలుగైదు వరుసల్లో రాస్తే చాలు. ఆ ఫైలు మనం తప్ప ఇంకెవరూ చదవకుండా హక్కులు 600కు తగ్గించాలి. గూగుల్ ఖాతా అయితే మామూలు పాస్‌వర్డు పనికిరాదు, రెండంచెల తనిఖీ పెట్టుకొని ఆ ప్రోగ్రాముకు వేరే పదహారక్షరాల పాస్‌వర్డు తీసుకోవాలి. చదవడానికి, జవాబు రాయడానికి మట్ అనే ప్రోగ్రాము దివ్యంగా ఉంటుంది. మా లాంటి పాత యంత్రాల మీద, వర్షాకాలంలో సిగ్నలు తూలుతున్నప్పుడు కూడా, ఒక పేజీ ఉత్తరం ఇట్టే వెళ్ళిపోతుంది.

పోస్టెల్ పనితీరుకు మూలమైన సూత్రం ఒకటుంది. టి.సి.పి. గురించిన కాగితాల్లో దాన్ని రాశాడు. తాను పంపేది నియమం ప్రకారం కచ్చితంగా ఉండాలి, ఎదుటివాడు పంపేదాంట్లో చిన్న పొరపాటుంటే అర్థం చేసుకొని స్వీకరించాలి అన్నది దాని సారాంశం. యంత్రాలకు చెప్పిన ఈ నీతిని మనుషులు పాటిస్తే హాస్టలు మెస్సులో సగం గొడవలు ఉండవు. 1977లో ఆయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, చివరిదాకా అక్కడే ఉన్నాడు. పొడుగాటి గడ్డం, కాళ్ళకు చెప్పులు, నిరాడంబరమైన దుస్తులు. సెలవు దొరికితే సియెరా నెవాడా కొండల్లో వీపున మూట వేసుకొని నడక. 1981లో ఐ.పి., టి.సి.పి. కాగితాలు ఆయన సంపాదకత్వంలోనే వచ్చాయి. పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి ఆర్పానెట్ అంతా మారడానికి ప్రణాళిక రాసిందీ ఆయనే. 1983 జనవరి 1న ఆ మార్పు జరిగింది.

నెట్‌వర్కు పెరిగేకొద్దీ యంత్రాల పేర్లన్నీ ఒకే జాబితాలో రాయడం అసాధ్యమయింది. పోస్టెల్ పని అప్పగించగా, అదే సంస్థలోని పాల్ మొకాపెట్రిస్ 1983లో డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించాడు. మరుసటి ఏడు అక్టోబరులో పోస్టెల్, రెనాల్డ్స్ కలిసి పై స్థాయి పేర్లు ఎలా ఉండాలో రాశారు. దేశాల పేర్ల విషయంలో పోస్టెల్ చూపిన తెలివి గమనించదగ్గది. ఏది దేశం, ఏది కాదు అని తేల్చే పెత్తనం తాను పెట్టుకోలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వద్ద అప్పటికే ఉన్న రెండక్షరాల జాబితాను తీసుకున్నాడు. ఆ లెక్కన మన దేశానికి ఐ.ఎన్. వచ్చింది. 1989 మే నెలలో ఆ పేరు ఆయన చిట్టాలో నమోదయింది. అప్పటికి మన దేశంలో ఎర్నెట్ అనే విద్యా నెట్‌వర్కు బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ కేంద్రాన్నీ, బెంగుళూరు సైన్సు సంస్థనూ, ఐ.ఐ.టి.లనూ కలిపి, టెలిఫోను తీగల మీద ఉత్తరాలు నడుపుతోంది. సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చింది. అప్పటి చవక ఖాతాల్లో బొమ్మలు రావు. యూనిక్స్ తెర మీద పైన్ అనే ప్రోగ్రాములో ఉత్తరాలు చదువుకునేవారు. మేం ఇప్పుడు సరదాకు చేస్తున్నది అప్పట్లో మన అన్నయ్యలకు దినచర్య.

మరి ఈ దారిలో తెలుగు ఎలా నడిచింది? ఇక్కడ పోస్టెల్ గట్టుకున్న ఇరుకు చెప్పుకోవాలి. 821 కాగితం ప్రకారం ఉత్తరంలో ఒక్కో అక్షరానికి ఏడు బిట్లే. అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు, అంతే. అందుచేత అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థులు 1990 ప్రాంతాల్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతులు కల్పించుకున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. వాటిలో ప్రసిద్ధం. పొట్టి అక్షరానికి చిన్నబడి, దీర్ఘానికి పెద్దబడి అక్షరం పెట్టి, పద్యాలు సైతం ఉత్తరాల్లో పంపుకున్నారు. 1992లో మైమ్ అనే పద్ధతి వచ్చి దారి వెడల్పు చేసింది. యూనికోడ్‌లో అమ్మ అనే మాటకు పన్నెండు బైట్లు కావాలి. వాటిని పదహారు ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి, పాత ఇరుకుదారినే పంపి, అవతల మళ్ళీ అమ్మగా కూర్చుతారు. మట్‌లో ఉత్తరం మూలం తెరిచి చూస్తే ఆ వేషం కనిపిస్తుంది. 2012లో వచ్చిన ఇంకో కాగితంతో తెలుగు లిపిలోనే చిరునామా రాయడానికీ నియమం ఏర్పడింది. పోస్టెల్ ప్రారంభించిన చిట్టాలో నేడు తెలుగు లిపిలో భారత్ అనే పేరు కూడా ఉంది.

ఇంకొక లోపం ఇంతకంటే పెద్దది. పోస్టెల్ ఉత్తరం రాసేవాణ్ణి నమ్మాడు. మెయిల్ ఫ్రమ్ అని ఎవడు ఏ పేరు చెప్పినా యంత్రం 250 అంటుంది. నువ్వు నువ్వేనా అని అడగదు. మా ల్యాబులో నేను మిత్రుడి పేరుతో వాడికే ఉత్తరం పంపి చూపించాను. ఇది నవ్వులాటగా ముగిసింది. కైకలూరు దగ్గర చేపల చెరువులున్న మా మామయ్య విషయంలో అలా ముగియలేదు. మేత సరఫరా చేసేవారి పేరుతో, ఖాతా నెంబరు మారిందంటూ ఒక ఉత్తరం వచ్చింది. నమ్మి లక్షా ఎనభై వేలు ఆ ఖాతాకు పంపాడు. అసలువాళ్ళకు ఆ సంగతే తెలియదు. తరువాత నేను ఆ ఉత్తరం ముద్రలు చదివితే అది వచ్చిన యంత్రం పేరే వేరు. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

దీనికి పోస్టెల్‌ను తప్పుపట్టాలా అని నేను చాలా రోజులు ఆలోచించాను. ఆయన అమాయకుడు కాడు. 1975 నవంబరులోనే, పనికిరాని ఉత్తరాల బెడద గురించి ఒక చిన్న కాగితం రాశాడు. అక్కరలేని ఉత్తరాలు కుమ్మరించే యంత్రాన్ని నిరాకరించే ఉపాయం అందుకునే యంత్రానికి లేదని హెచ్చరించాడు. అయితే ఆనాడు నెట్‌వర్కులో ఉన్నవారు వందల్లో, మహా అయితే వేలల్లో ఉన్న పరిశోధకులు. ఊరు చిన్నదైనప్పుడు తలుపుకు గడియ పెట్టం. ఊరు పట్నమయ్యాక పెట్టవలసిందే. ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డి.మార్క్ అనే మూడు గడియలు ఈ శతాబ్దంలో వచ్చాయి. ఫలానా పేరుతో ఉత్తరాలు ఏ యంత్రాలు పంపవచ్చో, వాటి సంతకం ఎలా ఉంటుందో, తేడా వస్తే ఏం చేయాలో ఇవి చెబుతాయి. పాత సంభాషణ మార్చకుండానే వీటిని తగిలించగలిగారంటే ఆ కట్టడం బలం తెలుస్తుంది. కాని గడియ ఉన్నా వేసుకోనివాడికి ప్రయోజనం లేదు. డబ్బు అడిగే ఉత్తరం వస్తే ఫోను చేసి కనుక్కోండని మీ ఇళ్ళలో ఈ దసరా సెలవుల్లో తప్పక చెప్పండి. కంప్యూటర్ సైన్సు చదివే పిల్లలం మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

1990 తరువాత ఇంటర్నెట్ వ్యాపారమయింది. పేర్లకు విలువ వచ్చింది. ఒక మనిషి పుస్తకంలో రాసుకునే చిట్టా మీద ప్రభుత్వాలకు, కంపెనీలకు కన్ను పడింది. 1994 మార్చిలో పోస్టెల్ తన 1591 కాగితంలో ఒక మాట స్పష్టం చేశాడు. ఒక దేశం పేరు చూసేవాడు దానికి యజమాని కాడు, ఆ దేశ ప్రజల తరఫున, లోకం తరఫున ధర్మకర్త మాత్రమే అని దాని తాత్పర్యం. 1998 జనవరి 28న ఒక సంచలనం జరిగింది. ప్రపంచంలోని 13 మూల సర్వర్లలో ఎనిమిదింటి నిర్వాహకులకు ఆయన ఒక ఈ-మెయిలు పంపాడు. ఇకమీదట పేర్ల మూల జాబితాను నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ యంత్రం నుంచి కాక, తన సంస్థలోని యంత్రం నుంచి తీసుకోమని కోరాడు. వాళ్ళు మారుమాట లేకుండా అలాగే చేశారు. ఆయనకు పదవిచ్చిన చట్టం ఏదీ లేదు, చేతిలో ఉన్నది మాటే. అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడింది. వెనక్కి మార్చమన్నది. ఆయన మార్చాడు, అది ఒక పరీక్ష అని చెప్పాడు. అది పరీక్షా, నిరసనా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నా మట్టుకు నాకు తోచేది ఇది: మంచి కరణమైనా సరే, ఊరి పుస్తకం ఒక్కడి మాట మీద నడవడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క రోజు లోకానికి తెలిసింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే ఆ ఏడంతా పుస్తకాన్ని ఒక శాశ్వత సంస్థకు అప్పగించే పనిలోనే గడిపాడు. 1998 సెప్టెంబరు చివర ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది.

రెండు వారాలు దాటాయో లేదో, 1998 అక్టోబరు 16న, గుండె శస్త్రచికిత్స తరువాత వచ్చిన ఇబ్బందులతో లాస్ ఏంజెలిస్‌లో పోస్టెల్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 55. ఆయన స్మృతికి వింటన్ సెర్ఫ్ రాసిన నివాళి ఆ ఆర్.ఎఫ్.సి. వరుసలోనే 2468వ కాగితంగా వెలువడింది. కాగితాలు నెంబరు వేసి భద్రపరిచినవాడికి ఇంతకంటే తగిన సమాధి ఉండదు. 1999 నుంచి ఇంటర్నెట్ సొసైటీ ఆయన పేరిట ఒక పురస్కారం ఇస్తోంది. 2016 అక్టోబరు 1న ఆ చిట్టా మీద అమెరికా ప్రభుత్వ అజమాయిషీ కూడా ముగిసింది. పోస్టెల్ కోరిన అప్పగింత పూర్తి కావడానికి ఆయన పోయాక పద్దెనిమిదేళ్ళు పట్టింది.

నేను పుట్టకముందే పోయిన ఈ మనిషిని నేను ఆరాధించడానికి కారణం ఒకటే. కాలువ మొదట్లో ఉన్నవాడు నియమం తప్పితే ఆ రోజు వాడికేమీ కాదు. ఎండిపోయేది చివరి పొలం. పోస్టెల్ కాలువ మొదట్లో కూర్చుని, చివరన ఎవరున్నారో చూడకుండానే, చివరివాడికి కూడా నీరందేలా నడుచుకున్నాడు. అంకె తప్పు రాయలేదు, పుస్తకం తనదనుకోలేదు, వేళకు అప్పగించి వెళ్ళాడు. మనలో చాలామంది రేపు బ్యాంకుల్లోను, సచివాలయాల్లోను, కంపెనీల్లోను ఏదో ఒక పుస్తకం ముందు కూర్చోబోతున్నాం. ఎవరి పొలమో, ఎవరి జీతమో, ఎవరి పేరో మన వేలి కింద ఒక అంకెగా ఉంటుంది. ఆ వేళ ఈ గడ్డపు మనిషి గుర్తుకొస్తే మేలు. ఆసక్తిగల జూనియర్లకు మా రెండు పాత యంత్రాలు ల్యాబు మూలన ఇంకా నడుస్తూనే ఉన్నాయి. 25వ ద్వారం తెరిచే ఉంది. వచ్చి హెలో అనండి.